బడిలోకి రాని బాడిసె: గుడిబండ నుంచి చూసిన వడ్రంగి విద్య చరిత్ర

గుడిబండ అనగానే కొందరికి కర్ణాటకలో చిక్కబళ్లాపురం జిల్లాలో ఉన్న గుడిబండె గుర్తొస్తుంది. మనం ఈ పాఠంలో మాట్లాడుకునేది ఆ ఊరిని గురించి కాదు, మడకశిర పక్కనున్న మన గుడిబండను గురించి. 1882లో బళ్లారి నుంచి విడదీసి అనంతపురం జిల్లాను ఏర్పాటు చేసినప్పుడు మడకశిర తాలూకా ఆ జిల్లాలోకి వచ్చింది. 1985లో మండలాలు ఏర్పడ్డాయి, గుడిబండ మండల కేంద్రమైంది. 2022 ఏప్రిల్ 4 నుంచి అది శ్రీ సత్యసాయి జిల్లాలో భాగం. పటం తీసి చూడండి. మడకశిర ప్రాంతం మూడు వైపులా కర్ణాటకలోకి చొచ్చుకుపోయి కనిపిస్తుంది. అందుకే ఇక్కడ ఇంట్లో కన్నడం, కచేరీలో తెలుగు, సంతలో రెండూ వినిపిస్తాయి. వడ్రంగిని ఒక వీధిలో 'వడ్లాయన' అంటే పక్క వీధిలో 'బడగి' అంటారు.

ఇంత మారుమూల ఊరి నుంచి వడ్రంగి విద్య చరిత్రను ఎందుకు చూడాలి? విద్యా కమిషన్ల పేర్లు, సంవత్సరాలు మీకు ఇతర పాఠాల్లో దొరుకుతాయి. ఆ నివేదికలన్నీ మద్రాసులోనో ఢిల్లీలోనో తయారయ్యాయి. అక్కడి నుంచి చూస్తే ప్రతి పథకమూ విస్తరణగానే కనిపిస్తుంది. గుడిబండలో నిలబడి చూస్తే మరో ప్రశ్న ఎదురవుతుంది. ఊరికి మడక, బండి, తలుపు, మగ్గం చేసిపెట్టిన మనిషి బడిలో ఆ పని నేర్చుకోలేదు, బడిలో ఆ పని నేర్పనూ లేదు. నూట డెబ్భై ఏళ్లుగా పాఠశాలల్లో చేతిపని శిక్షణను విస్తరిస్తూనే ఉన్నామని ప్రభుత్వాలు చెబుతుంటే, ఈ మనిషి మాత్రం బడి గోడకు అవతలే ఎందుకు ఉండిపోయాడు? ఈ పాఠంలో మనం పట్టుకొని నడవాల్సిన ప్రశ్న ఇదే.

బడి లేని శిక్షణ

విజయనగర కాలపు గ్రామవ్యవస్థను చదివినప్పుడు మీరు 'ఆయగాండ్లు' అనే మాట చూసే ఉంటారు. రెడ్డి, కరణం, తలారి, వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి మొదలైనవాళ్లు ఊరికి చేసే సేవకు పంటలో భాగం పొందేవారు. కొందరికి మాన్యాలు కూడా ఉండేవి. 1565 తరువాత విజయనగర రాజులు పెనుకొండనే రాజధాని చేసుకున్నారు కాబట్టి ఈ వ్యవస్థ మన ప్రాంతానికి పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన సంగతి కాదు. కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు వడ్ల ఆచారి వాటా ముందే తీసిపెట్టే పద్ధతి ఇరవయ్యో శతాబ్దంలోనూ చాలా పల్లెల్లో నడిచింది.

వడ్రంగి చేయవలసిన పని ఏమిటి? మడక, కాడిమాను, గొర్రు, గుంటక చేయడం, విరిగితే బాగుచేయడం. ఇవి ఏడాది వాటా కిందికి వచ్చే పనులు. బండి, తలుపు, తొట్టిల, పెట్టె వంటివాటికి వేరే కూలి ఉండేది. ధర్మవరం వైపు ఇంకో పెద్ద పని ఉంది. పట్టుచీర నేసేవాళ్లకు మగ్గాలు కావాలి. ధర్మవరం చీర పేరు దేశమంతా తెలుసుగాని, ఆ చీర నేసిన మగ్గం కొలతలు తెలిసిన మనిషి పేరు ఎవరికీ తెలియదు.

శిక్షణ ఇంట్లోనే. ఎనిమిది, పదేళ్ల పిల్లవాడు మొదట చెక్కపొట్టు ఊడుస్తాడు, తరువాత దూలం కదలకుండా పట్టుకుంటాడు, ఆ తరువాత రంపానికి రెండో చెయ్యి అవుతాడు. ఉలికి పదును పెట్టడం వచ్చాకే ఉలి చేతికిస్తారు. చిత్రిక పట్టడం వచ్చాక కుసి తీయడం, అది సరిగా కూర్చునే బెజ్జం తొలచడం. ఏ కొయ్య దేనికి పనికొస్తుందో ఎవరూ పాఠంగా చెప్పరు. బండిచక్రానికి నల్లతుమ్మ, ద్వారబంధానికి వేప, డబ్బున్నవాళ్ల తలుపుకు టేకు అని పని చేస్తుంటే తెలుస్తుంది.

ఇదంతా చదువు కాదని అనుకోకండి. బండిచక్రాన్ని చూడండి. నడుమ కుండలాంటి దిమ్మె, దానిలోంచి ఆకులు, ఆకుల చివర అంచు ముక్కలు, అన్నిటినీ బిగించే ఇనుప పట్టా. ఆ పట్టాను చక్రం చుట్టుకొలత కంటే కొంచెం తక్కువ కొలతకు చేసి, ఎర్రగా కాల్చి, వ్యాకోచించినప్పుడు ఎక్కించి, నీళ్లు పోసి చల్లార్చుతారు. అది ముడుచుకొని కొయ్యనంతా ఒక్కటిగా బిగిస్తుంది. ఎంత తక్కువ ఉండాలన్నదే అసలు విద్య. మరీ తక్కువైతే ఆకులు విరుగుతాయి, సరిపోకపోతే నెలలోపే పట్టా ఊడుతుంది. వృత్తం చుట్టుకొలత, లోహాల వ్యాకోచం అని మనం ఉన్నత పాఠశాలలో చెప్పే రెండు పాఠాలు ఆ ఒక్క పనిలో ఉన్నాయి.

అయితే ఈ శిక్షణకు ఒక హద్దు ఉంది. ఆ హద్దును మరిచిపోయి పాతకాలాన్ని పొగడడం చరిత్రకారుడి పని కాదు. ఆచారి కొడుకుకే ఆ విద్య దక్కుతుంది. మాదిగవాడలో పుట్టిన పిల్లవాడికి ఎంత చేతివాటం ఉన్నా బాడిసె అందదు. ఆచారి ఇంట్లోనే పుట్టిన ఆడపిల్లకూ అందదు. మరోవైపు ఆచారి కొడుక్కి లెక్కల మీద ఆసక్తి ఉన్నా బాడిసె వదలదు. కులమే బడి, కులమే హద్దు.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాక పన్నుల పద్ధతి మారింది. పన్ను రొక్కంగా కట్టాల్సి వచ్చిన రైతు కల్లంలో వాటా ఇవ్వడానికి వెనకాడే రోజులు నెమ్మదిగా వచ్చాయి. 1882 మద్రాసు అటవీ చట్టం తరువాత అడవిలోంచి కొయ్య తెచ్చుకోవడం హక్కు కాక అనుమతి అయింది. వడ్రంగికి ఒక చేతిలో కూలి తగ్గింది, రెండో చేతిలో సరుకు తగ్గింది. సరిగ్గా ఈ కాలంలోనే ప్రభుత్వం చేతిపనుల శిక్షణ గురించి మాట్లాడడం మొదలుపెట్టింది.

ఇద్దరు హంటర్లు

పరీక్షల్లో చాలామంది పొరబడే చోటు ఇది. మద్రాసులో 1850లో కళాపాఠశాల ప్రారంభించినవాడు అలెగ్జాండర్ హంటర్, వృత్తిరీత్యా వైద్యుడు. 1855లో ప్రభుత్వం ఆ పాఠశాలను తన చేతిలోకి తీసుకుంది. 1882 నాటి విద్యా కమిషన్‌కు అధ్యక్షుడు విలియం హంటర్. ఇద్దరూ వేరు, ఇద్దరి ఉద్దేశాలూ వేరు. మొదటివాడు చేతిపనివాడి చేతిని మెరుగుపరచాలనుకున్నాడు. రెండోవాడి కమిషన్ ఉన్నత పాఠశాల పైతరగతులను రెండు పాయలు చేయమన్నది. ఒకటి విశ్వవిద్యాలయ ప్రవేశానికి, రెండోది వర్తకం మొదలైన జీవనోపాధి విద్యలకు.

రెండో పాయలో నీళ్లు పారలేదు. కారణం తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. 1854 నాటి వుడ్ నివేదిక ప్రజలకు ఉపయోగపడే ఆచరణాత్మక విద్య అందించాలని చెప్పింది నిజమే. కాని అదే ప్రభుత్వం గుమాస్తా ఉద్యోగాన్ని ఇంగ్లీషు చదువుకు, ప్రవేశపరీక్షకు ముడిపెట్టింది. తాలూకా కచేరీలో జీతం దొరికే దారి ఒకటే అయినప్పుడు కొడుకును రెండో దారిలో పంపే తండ్రి ఎవరు?

ఇంకో విషయం గమనించండి. 1876–78 కరువు దత్తమండలాలను ఊడ్చిపెట్టింది. తరువాతి దశాబ్దాల్లో మిషనరీలు అనాథ పిల్లలను చేరదీసి వడ్రంగం, కుట్టుపని, నేత నేర్పారు. బాలనేరస్థుల సంస్కరణ పాఠశాలల్లోనూ వడ్రంగం ఉండేది. ఆ పిల్లలకు అది బతుకుదెరువు ఇచ్చింది, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కాని ఊళ్లోవాళ్ల దృష్టిలో బడిలో వడ్రంగం అంటే దిక్కులేని పిల్లలకు, దారి తప్పిన పిల్లలకు నేర్పేది అన్న ముద్ర పడింది. నా అంచనాలో ఆ ముద్ర ఇంకా పూర్తిగా చెరగలేదు.

ఇదే కాలంలో ఐరోపా ఉత్తరాన మరో ప్రయోగం జరిగింది. ఫిన్లాండులో ఉనో సిగ్నేయస్ అనే విద్యావేత్త ప్రయత్నం వల్ల 1866లో చేతిపని గ్రామీణ పాఠశాలల్లో బాలురకు తప్పనిసరి పాఠ్యాంశమైంది. స్వీడన్‌లో ఓటో సాలొమన్ 1870ల్లో నేస్ అనే చోట ఉపాధ్యాయులకు కొయ్యపని నేర్పే శిక్షణాలయం నడిపాడు. ఈ పద్ధతిని 'స్లాయిడ్' అంటారు. దాని ఉద్దేశం వడ్రంగులను తయారుచేయడం కాదు. దొర కొడుకైనా కూలివాడి కొడుకైనా కంటితో కొలవడం, చేతితో సరిచేసుకోవడం, మొదలుపెట్టిన వస్తువును పూర్తిచేయడం నేర్వాలని. అక్కడ కొయ్యపని అందరి చదువులో భాగంగా ప్రవేశించింది. ఇక్కడ కొందరికి చదువుకు బదులుగా ప్రవేశించింది. తరువాతి కథంతా ఈ తేడాలోంచి పుట్టిందే.

తకిలీ గెలిచింది, రంపం ఓడింది

1937 అక్టోబరు 22, 23 తేదీల్లో వార్ధాలో గాంధీజీ అధ్యక్షతన విద్యాసమావేశం జరిగింది. ఆ తరువాత జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం ఏడేళ్ల ప్రాథమిక విద్యకు ప్రణాళిక తయారుచేసింది. 1938 ఫిబ్రవరిలో హరిపుర కాంగ్రెసు దాన్ని ఆమోదించింది. మనం 'బేసిక్ విద్య' అని చదువుకునేది ఇదే. చేతిపని వేరే పీరియడు కాదు, చేతిపని ద్వారానే లెక్కలు, భాష, ప్రకృతి పాఠాలు చెప్పాలన్నది దాని మూలసూత్రం. నూలు వడకడం, నేత, వ్యవసాయం, తోటపని, తోలుపనితోపాటు వడ్రంగం కూడా ఆ ప్రణాళికలో ఉంది.

పిల్లలు చేసిన వస్తువుల అమ్మకంతో ఉపాధ్యాయుడి జీతం రావాలన్న ఆలోచన మీద సమావేశంలోనే ఆర్థికవేత్త కె.టి. షా అభ్యంతరం చెప్పాడు. పిల్లల చేత సరుకు చేయించి అమ్మితే అది బడి అవుతుందా, కార్ఖానా అవుతుందా అన్నది ఆ వాదంలోని సారం.

ఆచరణలో ఏం జరిగింది? బేసిక్ పాఠశాలల్లో ఎక్కువ చోట్ల తకిలీ కనిపించేది, రంపం అరుదు. దీనికి సిద్ధాంతం కంటే ఖర్చే పెద్ద కారణం. తకిలీ అణాల్లో దొరుకుతుంది. ముప్పైమంది పిల్లలను నేల మీద కూర్చోబెట్టి ఒకే టీచరు వడికించవచ్చు. దూది పాడైతే పెద్ద నష్టం లేదు. వడ్రంగానికి బల్లలు కావాలి, పనిముట్లు కావాలి, ఆరబెట్టిన కొయ్య కావాలి. తప్పుగా కోసిన చెక్క మళ్లీ అతకదు. ముప్పై ఉలులు ముప్పైమంది పిల్లల చేతుల్లో ఉంటే టీచరుకు నిద్ర పట్టదు. ఒక టీచరు ఒకేసారి పన్నెండు, పదిహేనుమంది కంటే ఎక్కువమందికి కొయ్యపని నేర్పలేడని ఆ పని చేసినవాళ్లెవరిని అడిగినా చెబుతారు. 'విస్తరణ' అన్న మాట వినిపించినప్పుడల్లా ఈ లెక్క గుర్తుంచుకోండి. బడుల సంఖ్య పెంచడం సులభం. ఒక బల్ల దగ్గర ఎందరు నిలబడగలరో ఆ సంఖ్యను పెంచలేం.

1953: మూడు గంటల బడి

ఇప్పుడు మన ప్రాంతాన్ని నేరుగా తాకిన ఘట్టానికి వద్దాం. 1953 వేసవి నాటికి అనంతపురం జిల్లా ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. ముఖ్యమంత్రి సి. రాజగోపాలాచారి గ్రామీణ ప్రాథమిక పాఠశాలలకు 'సవరించిన ప్రాథమిక విద్యా పథకం' ప్రకటించాడు. జూన్‌లో అమల్లోకి వచ్చింది. రోజుకు ఐదు గంటల బడి మూడు గంటలకు తగ్గింది. పిల్లలు రెండు జట్లుగా వస్తారు. మిగిలిన సమయంలో తల్లిదండ్రుల దగ్గరో, ఊళ్లో చేతిపనివాళ్ల దగ్గరో పని నేర్చుకుంటారు.

దీనికి వెనక ఉన్న అవసరం నిజమైనదే. పద్నాలుగేళ్ల వరకు పిల్లలందరికీ పదేళ్లలోగా ఉచిత నిర్బంధ విద్య అందించేందుకు కృషి చేయాలని రాజ్యాంగం 45వ అధికరణం చెప్పింది. బడులు చాలవు, ఉపాధ్యాయులు చాలరు, ఖజానాలో డబ్బు లేదు. రెండు జట్లుగా నడిపితే ఉన్న టీచర్లతోనే ఎక్కువమందికి చదువు చెప్పవచ్చు. పైగా రాజాజీకి శ్రమ గౌరవం మీద నమ్మకం ఉంది. పల్లెలోని ప్రతి ఇల్లూ ఒక పని నేర్పే బడేనని ఆయన భావన.

వ్యతిరేకులు ఒకే ప్రశ్న వేశారు. చాకలి కొడుకు మధ్యాహ్నం ఎక్కడికి పోతాడు? చాకిరేవుకు. వడ్రంగి కొడుకు? కొట్టంలోకి. భూస్వామి కొడుకు? ఇంట్లో కూర్చుని ఇంకో పుస్తకం చదువుకుంటాడు. పెరియార్ నాయకత్వంలోని ద్రావిడ కళగం, డి.ఎం.కె. దీనికి 'కులకల్వి', అంటే కులవిద్య, అని పేరు పెట్టాయి. ఆ పేరే నిలిచింది. జూలై నెలాఖరున శాసనసభలో పథకాన్ని రద్దు చేయాలన్న తీర్మానానికి అనుకూలంగా 138, వ్యతిరేకంగా 138 ఓట్లు వచ్చాయి. తీర్మానం వీగిపోయింది. కాని పథకాన్ని నిలిపి నిపుణుల పరిశీలనకు పంపాలన్న మరో తీర్మానం స్వల్ప ఆధిక్యంతో నెగ్గింది. పరులేకర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం నవంబరులో ఇచ్చిన నివేదికలో పథకాన్ని మొత్తం మీద సమర్థించింది. అప్పటికే ఆలస్యమైంది. 1954 వసంతంలో రాజాజీ పదవి వదిలాడు. కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక మే నెలలో పథకాన్ని ఎత్తివేశాడు.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది కనుక, కామరాజ్ నిర్ణయం వెలువడేనాటికి గుడిబండ మద్రాసు రాష్ట్రంలో లేదు. మన పాఠ్యపుస్తకాలు ఈ ఘట్టాన్ని తమిళనాడు రాజకీయాల కథగా చెప్పి వదిలేయడానికి కారణం ఇదే కావచ్చు. ప్రకటన జరిగిన రోజున మాత్రం మడకశిర తాలూకా పల్లెలు ఆ రాష్ట్రంలోవే. ఈ చర్చ మనది కూడా.

ఎవరు చెప్పింది సరి? విద్యార్థులు నన్ను ఈ ప్రశ్న ఎన్నోసార్లు అడిగారు. నా అభిప్రాయం దాచను. వ్యతిరేకులు చెప్పిందే సరి. కులం పంచిపెట్టిన పనిని బడి గంటలు తగ్గించి మరింత గట్టిపరచకూడదు. కాని ఆ గెలుపుతోపాటు ఒక నష్టమూ జరిగింది. పిల్లలు చేతిపని నేర్వాలన్న మాట ఎత్తితేనే అనుమానంగా చూసే అలవాటు వచ్చింది. రెండు పక్షాలూ పిల్లవాడు కొట్టంలోకి వెళ్లాలా వద్దా అని వాదించుకున్నాయి. వడ్ల ఆచారి బడిలోకి వచ్చి, జీతం తీసుకొని, అన్ని కులాల పిల్లలకూ, ఆడపిల్లలకూ పని నేర్పవచ్చు కదా అన్న ప్రశ్న ఆ వాదంలో వెనకబడిపోయింది. గోడకు ఇవతల టీచరు, అవతల వడ్రంగి అలాగే మిగిలారు.

తాళం వేసిన బీరువా

ఆ తరువాతి నివేదికల గురించి తొందరగా చెబుతాను, వాటి వివరాలు మీకు వేరే పాఠంలో వస్తాయి. మొదలియార్ కమిషన్ 1953లో బహుళార్థసాధక పాఠశాలలను, అందరికీ ఒక చేతిపనిని సిఫారసు చేసింది. కొఠారి కమిషన్ 1966లో 'పని అనుభవం' అన్నది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ సంఘం 'సమాజోపయోగ ఉత్పాదక కృత్యం' అన్న పెద్ద పేరు పెట్టింది. మార్కుల జాబితాలో ఆ పేరు చూసినవాళ్లు మీలో ఉండవచ్చు, దాని కోసం ఏం చేశారో గుర్తున్నవాళ్లు తక్కువ.

నేను చదివిన ఉన్నత పాఠశాల పేరు చెప్పను. అక్కడ క్రాఫ్టు గది ఒకటి ఉండేది. గదిలో గోడబీరువా, బీరువాలో రంపాలు, చిత్రికలు, ఉలులు, మూలమట్టాలు. మూడేళ్లలో ఆ బీరువా తెరిచింది నేను రెండుసార్లు చూశాను. రెండుసార్లూ తనిఖీ రోజే. ఆ పనిముట్లు స్టాక్ రిజిస్టరులో ఉన్నాయి. ఒక ఉలి పోతే దాని ధర క్రాఫ్టు మాస్టారి జీతంలోంచి పడుతుంది. కొయ్య కొనడానికి గ్రాంటు ఎప్పుడొస్తుందో తెలియదు. ఆయన మంచివాడు, పని తెలిసినవాడు కూడా. క్రాఫ్టు పీరియడులో మాకు లెక్కలు చెప్పించేవారు. ఆడపిల్లలకు మాత్రం పక్క గదిలో కుట్టుపని నిజంగానే జరిగేది, సూదీ దారం వాళ్లే ఇంటినుంచి తెచ్చుకునేవారు కాబట్టి.

ఆ అనుభవాన్ని వ్యక్తిగత ఫిర్యాదుగా కాక చారిత్రక ఆధారంగా చూడండి. ఒక పథకం అమలయిందా లేదా తెలుసుకోవాలంటే ఉత్తర్వును కాక స్టాక్ రిజిస్టరును, కొయ్య కొన్న రశీదులను చూడాలి. రిజిస్టరులో పనిముట్లు ఏళ్ల తరబడి కొత్తగా ఉన్నాయంటే ఎవరూ వాడలేదని అర్థం.

ఇదే కాలంలో బడికి బయట మరో దారి తెరుచుకుంది. 1950లో మొదలైన చేతిపనివారి శిక్షణ పథకం కింద ఐ.టి.ఐ.లు వచ్చాయి. 1961లో అప్రెంటిస్ చట్టం వచ్చింది. ఐ.టి.ఐ.లో వడ్రంగం ఒక ఏడాది కోర్సు, ఎనిమిదో తరగతి పాసైతే చాలు. ఈ మధ్య దాని పేరును 'వుడ్ వర్క్ టెక్నీషియన్' అని మార్చారు. అక్కడ కులం అడ్డు లేదు, అది చిన్న విషయం కాదు. కాని ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ సీట్ల కోసం పోటీ పడే పిల్లలు వడ్రంగం వైపు అంతగా చూడలేదు. ఫిట్టర్‌కు కర్మాగారంలో ఉద్యోగం ఉంటుంది. వడ్రంగికి ఉద్యోగం ఇచ్చే కర్మాగారం మన జిల్లాలో ఏది?

కొయ్య మారింది, పని మారింది

గుడిబండ చుట్టుపక్కల మడకను ట్రాక్టరు, కొయ్యచక్రాన్ని రబ్బరు టైరు మింగేశాయి. ద్వారబంధానికి సిమెంటు, తలుపుకు ఇనుము, కిటికీకి అల్యూమినియం వచ్చాయి. మడకశిర ప్రాంతం ఒకప్పుడు వక్క, కొబ్బరి తోటలకు పేరు. కరువులకు ఎండిన కొబ్బరి మాను కూడా కొయ్యే, కాని దాన్ని కోసి వాడుకొనే పద్ధతి నేర్పేవాళ్లు కావాలి.

అంతమాత్రాన వడ్రంగం చచ్చిపోయిందనుకుంటే పొరపాటు. అది ఊరు మార్చింది. హిందూపురం నుంచి రైలెక్కితే బెంగళూరు ఎంతో దూరం లేదు. అక్కడి అపార్టుమెంట్లలో అలమరలు, వంటగది అరలు, ఆఫీసు బల్లలు చేసేవాళ్లకు చేతినిండా పని. ప్లైవుడ్డు, లామినేటు, విద్యుత్ రంపం, కంప్యూటరుతో నడిచే కోత యంత్రం ఇప్పటి పనిముట్లు. అక్కడ రాజస్థాన్ నుంచి వచ్చిన పనివాళ్లు పెద్దసంఖ్యలో ఉన్నారు. వాళ్లలోనూ చాలామంది బంధువు వెంట వచ్చి, పని చేస్తూ నేర్చుకున్నవాళ్లే. అంటే పాత కొట్టం పద్ధతే నగరానికి వెళ్లింది. కాకపోతే ఇప్పటి పనికి నక్షా చదవడం, మిల్లీమీటరు లెక్క, కొటేషను రాయడం కావాలి. అవి కొట్టంలో దొరకవు, బడిలో దొరుకుతాయి.

పెనుకొండ పక్కన ఎర్రమంచి దగ్గర 2019లో కియా కార్ల కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. ఈ ప్రాంతపు యువకుడికి నైపుణ్యం అంటే ఇప్పుడు ముందు గుర్తొచ్చేది లోహమే.

కొయ్యపని నిలిచిన చోట్లు మన రాష్ట్రంలోనే ఉన్నాయి. కొండపల్లిలో తెల్లపొణికి, ఏటికొప్పాకలో అంకుడు కర్ర, బొబ్బిలి వీణకు పనస. ఏటికొప్పాకలో సహజ రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఈ మూడు చోట్లా పనిని నిలబెట్టింది బడి కాదు, కొనేవాళ్లు. శిక్షణ ఇచ్చి, తయారైన వస్తువు ఎక్కడ అమ్ముడుపోతుందో చెప్పని పథకం ఎందుకు నిలవదో వీటిని చూస్తే తెలుస్తుంది.

యాభై శాతం, మళ్లీ యాభై శాతం

ఇప్పుడు ఈ అంకెలను వరుసగా చూడండి. పదో తరగతి తరువాత చదివేవాళ్లలో సగంమంది వృత్తివిద్యలో ఉండాలని 1966లో కొఠారి కమిషన్ ఆశించింది. 1986 జాతీయ విద్యావిధానం లక్ష్యాన్ని 1990కి 10 శాతానికి, 1995కి 25 శాతానికి దించింది. 1992లో ఆ గడువులను 1995కు, 2000కు జరిపారు. 2020 జాతీయ విద్యావిధానం 2025 నాటికి కనీసం 50 శాతం విద్యార్థులకు వృత్తివిద్య పరిచయం కావాలన్నది. ఆ విధానపత్రమే పన్నెండో పంచవర్ష ప్రణాళిక అంచనాను ఉదహరించింది: 19–24 ఏళ్ల శ్రామికుల్లో లాంఛనంగా వృత్తివిద్య పొందినవాళ్లు మన దేశంలో 5 శాతం లోపు, అమెరికాలో 52, జర్మనీలో 75, దక్షిణ కొరియాలో 96 శాతం. యాభై నాలుగేళ్ల తరువాత మళ్లీ యాభై శాతమే. కాని మాట మారింది. మొదట్లో 'చదవడం', ఇప్పుడు 'పరిచయం'.

కొత్త విధానంలో నాకు నచ్చిన అంశం ఒకటి ఉంది. 6–8 తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా, స్థానిక వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారుల దగ్గర పిల్లలు పని చూడాలని అది చెప్పింది. పిల్లలందరూ వెళ్లాలి, ఆడపిల్లలతో సహా. ఎవరి తండ్రి ఏం చేస్తాడన్న ప్రశ్న లేదు. 1953 పథకానికి దీనికి ఉన్న తేడా అక్కడే. ఎన్.సి.ఇ.ఆర్.టి. 'కౌశల్ బోధ్' అనే పేరుతో పాఠ్యపుస్తకాలు కూడా తెచ్చింది. కాని పది రోజులు పని చూడడానికి సరిపోతాయి, నేర్వడానికి చాలవు. ఆ పది రోజులు ఆచారి తన కూలి మానుకొని పిల్లలకు చూపిస్తే ఆయనకు ఎవరు ఏమిస్తారన్నది ప్రతి మండలంలోనూ ముందు తేలాల్సిన సంగతి.

2023 సెప్టెంబరు 17న మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. వాటిలో వడ్రంగం ఒకటి. ప్రాథమిక శిక్షణ ఐదు నుంచి ఏడు రోజులు, రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయలు, తక్కువ వడ్డీకి రుణం. పనిముట్ల సొమ్ము గురించి ఎవరూ చెడ్డమాట అనలేరు. కాని అది పద్దెనిమిదేళ్లు నిండి, ఇప్పటికే ఆ పనిలో ఉన్నవాళ్లకు. 'కుటుంబ ఆధారిత సంప్రదాయ వృత్తులు' అన్నది దాని నిర్వచనంలోని మాట. పని కొత్తగా నేర్చుకోవాలనుకునే పదిహేనేళ్ల అమ్మాయికి అందులో చోటు లేదు.

1953 ప్రశ్న మరో రూపంలోనూ తిరిగి వచ్చింది. 2016 బాలకార్మిక చట్ట సవరణ పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదంది. కాని బడి గంటల తరువాత, సెలవుల్లో కుటుంబ వృత్తిలో సాయపడవచ్చని మినహాయింపు ఇచ్చింది. ఇది కులవృత్తిని పిల్లల మెడకు మళ్లీ కడుతుందని కొందరు విమర్శించారు. ఇంట్లో నేర్చుకునే విద్యను నేరం చేయకూడదని మరికొందరు అన్నారు. శాసనసభ చర్చలో వినిపించిన రెండు గొంతులూ మీకు ఇక్కడ గుర్తుకు రావాలి.

గుడిబండ లాంటి చోట ఇంకో చిక్కు భాష. పని మాటలు కొన్ని తెలుగువి, కొన్ని కన్నడవి. శిక్షణ పుస్తకంలోవి ఇంగ్లీషువి. 'కుసి' అంటే ఏమిటో తెలిసిన పిల్లవాడు పుస్తకంలో మరో పేరు చూసి తనకు ఏమీ రాదనుకుంటాడు. ఆచారి నోటిమాటను పుస్తకంలోకి ఎక్కించే పని ఇంకా సరిగా మొదలు కాలేదు.

అభ్యాసం

మీ మండలంలో వడ్రంగి కొట్టం ఒకటి, ఉన్నత పాఠశాల ఒకటి ఎంచుకోండి. కొట్టానికి పొద్దున పని మొదలయ్యే వేళకు వెళ్లండి, పని ఆపించకండి. ఆ పని ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఎన్నేళ్లకు సొంతంగా తలుపు చేయగలిగారో, కొట్టంలో ఇప్పుడు నేర్చుకుంటున్నవాళ్లు బంధువులా, బయటివాళ్లా, వాళ్లలో ఆడపిల్లలున్నారా అడగండి. కనీసం పది పనిముట్ల పేర్లు వాళ్లు పలికినట్టే రాసుకోండి. తెలుగా కన్నడమా అని తేల్చే ప్రయత్నం అక్కడే చేయకండి. తరువాత పాఠశాలకు వెళ్లి, ప్రధానోపాధ్యాయుల అనుమతితో, క్రాఫ్టు లేదా వృత్తివిద్యకు సంబంధించిన స్టాక్ రిజిస్టరు చూడండి. పనిముట్లు ఏ ఏడాది వచ్చాయి, కొయ్య చివరిసారి ఎప్పుడు కొన్నారు, ఎంతకు కొన్నారు అన్నవి గమనించండి. ఆచారిని బడికి పిలిస్తే వస్తారా, ఏ షరతుల మీద వస్తారని చివరగా అడగండి. ఆయన చెప్పిన జవాబును మీ మాటల్లోకి మార్చకుండా నాలుగు పేజీలకు మించని నివేదికలో చేర్చి, తరువాతి సంప్రదింపు తరగతికి తీసుకురండి. ఎవరి పేరు, ఫోను నంబరు రాయవద్దు.